మూడు రాత్రుల లెక్క

మా ఇంట్లో ఏ జబ్బుకైనా మూడు రాత్రుల గడువు.
నాలుగో పొద్దు పొడిచేదాకా
ఒంగోలు బస్సు మాట ఎత్తకూడదు.
ఎవరు పెట్టిన లెక్కో తెలీదు,
అవ్వ మాత్రం దాన్ని వేళ్ల కణుపుల మీద కాపాడేది.

మొదటి రాత్రి శొంఠి, మిరియాలు,
మొహం చిట్లిస్తే ఒక బెల్లం ముక్క.
రెండో రాత్రి వావిలాకు ఆవిరి,
దుప్పటి గుడారంలో ముక్కూ కళ్లూ కోపమూ అన్నీ కారేవి.
మూడో రాత్రికి అటక మీంచి రేకుడబ్బా దిగేది.
సగానికి విరిచిన బిళ్లలు,
కత్తెరకు పేర్లు తెగిపోయిన అట్టముక్కలు.
తెల్లది జెరానికి, గులాబీది నొప్పులకి,
పచ్చది ఎవరిదో, ఎందుకో,
పారెయ్యడానికి మనసొప్పక.

తగాదా అంతా మొదటి రాత్రి దగ్గరే.
"అన్నం తిన్నాక వచ్చిన జెరం, లెక్కలోకి రాదు" అనేవాడు నాయన.
"మాపటేళ నుంచే ఒళ్లు కాల్తా ఉంది" అనేది అమ్మ.
ఒక రాత్రి అటో ఇటో జరిగితే
అయిదొందలు అటో ఇటో జరుగుతాయి గదా.

ఆ మాఘమాసం మా వెంగమ్మకు జెరం.
బ్యారనీలో రెండోరోజు ఆకు.
నాయన పక్క అక్కడే, పొయ్యి నోటి దగ్గర,
జామాయిల మొద్దుల సందున.
గంటకోసారి లేచి అద్దపు కిటికీలోంచి టార్చి వేసి
లోపల వేలాడే గాజుకడ్డీని చదివేవాడు.
తొంభై అయిదు. తొంభై ఎనిమిది.
గీత పెరిగితే మొద్దు వెనక్కి లాగేవాడు,
తగ్గితే లోపలికి తోసేవాడు.
"పసుపు తిరిగేటప్పుడు ఆకు పసిబిడ్డరా,
తొందరపెడితే పచ్చిగానే చచ్చిపోద్ది."

ఇంట్లో కొలత అమ్మ మునిచెయ్యి.
మెడ మీద మోపి "ఉంది" అనేది, "కొంచెం ఉంది" అనేది.
ఆ రాత్రి ఏమీ అనలేదు.
పొట్ట మీద వేసిన తడిగుడ్డ చిటికెలో ఆరిపోతా ఉంది.
వెంగమ్మ గోడ మీద లేని మేకల్ని అదిలిస్తా ఉంది.
అవ్వ కణుపులు చూసుకుని "ఇది రెండోదే" అంది.

అమ్మ చెప్పుల్లేకుండా చేలో పడి పోయింది.
వెనకాల నేను.
"ఆ కడ్డీ తియ్యి" అంది.
"మతుండే అంటున్నావా? బ్యారనీ గుడ్డిదైపోద్ది."
"తియ్యి."

కుండనీళ్లలో ముంచి, తువ్వాలుతో తుడిచి,
నాయన దాన్ని పిల్ల చంకలో పెట్టాడు.
పొగాకు వాసనకి వెంగమ్మ మొహం తిప్పుకుంది.
చంకలో ఉండగానే టార్చి వేసి చూశాడు.
తల వంచి మళ్లీ చూశాడు.
"నూట నాలుగు."
కాసేపు ఎవరూ కదల్లేదు.
"రెండో రోజుకి ఆకునైనా ఇంతకి ఎక్కనియ్యనే" అన్నాడు,
అమ్మతో కాదు, నాతో కాదు.

అవ్వ చెయ్యి ముడిచేసింది.

హజరత్తయ్య డాక్టర్ని లేపి, ఆయన మోపెడ్డు అడిగి తెచ్చుకుని
ముగ్గురూ పోయారు.
టంగుటూరు దాటేసరికి తెల్లారిందంట.
పెద్దాసుపత్రిలో ఆరు రోజులు.

బ్యారనీకి నేను మిగిలాను, పదకొండేళ్లవాణ్ణి.
కడ్డీ వాళ్లతోనే పోయింది, అమ్మ కొంగులో.
గోడకి మునిచెయ్యి ఆనించి
"ఉంది" అనుకున్నాను, "కొంచెం ఉంది" అనుకున్నాను,
మొద్దులు తోశాను.
ఆకంతా గోధుమరంగుకు తిరిగింది.

కొండపి వేలంలో కొనే మనిషి ఆకు నలిపి,
ముక్కు దగ్గర పెట్టుకుని,
"ఏమైంది మాలాద్రీ దీనికి?" అన్నాడు.
"ఇంట్లో జెరం" అన్నాడు నాయన.
ఆయన చీటీ మీద ఒక అంకె కొట్టేసి
చిన్న అంకె వేశాడు.

రేకుడబ్బా ఇప్పుడు అటక మీద లేదు,
అందే ఎత్తులో ఉంది.
అందులో వేలెడంత జెరంకడ్డీ,
వెంగమ్మే విదిలించి, అందరికీ పెట్టి, గట్టిగా చదువుద్ది.
అవ్వ ముందే తన చెయ్యి మోపి ఒక అంకె చెబుద్ది,
చాలాసార్లు సరిపోద్ది.
పచ్చబిళ్ల ఇంకా ఉంది.
ఎవరిదో.
ఎందుకో.